దోమక్క బొటనవేలు

మా ఆస్పత్రిలో ఆమెను అసలు పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. పొద్దున ఆరున్నరకల్లా ట్రే పట్టుకుని వార్డులోకి దిగి, ఇంకా కళ్ళు నులుముకుంటున్నవాళ్ళ చెయ్యి లాక్కుని రక్తం తీసుకుపోయే మనిషిని రోగులు ఏమంటారు? దోమ అన్నారు. కాస్త మర్యాద తెలిసినవాళ్ళు అక్క అని చేర్చారు. అలా దోమక్క అయింది. దానికి ఆమె నొచ్చుకున్నది లేదు. కొత్తగా చేరినవాళ్ళు సూదిని చూసి బిగుసుకుపోతే తనే ముందు అనేది: "దోమనమ్మా నేను. ఒక్కసారి కుట్టి పోతా. చెవిలో పాటలు మాత్రం పాడను."

ఆమె తెచ్చిన రక్తాన్ని పరీక్షించేవాణ్ణి నేను. మా ల్యాబు నేలకింది అంతస్తులో ఉంది. కిటికీ రోడ్డు మట్టానికి ఉంటుంది కాబట్టి ఇరవై ఏళ్ళుగా నేను చూసింది బయట మనుషుల చెప్పులు, లోపల మనుషుల రక్తం. మధ్యలో మనిషిని చూసింది తక్కువ. నా నోరు మంచిది కాదని ఆస్పత్రి మొత్తానికి తెలుసు. గొట్టం మీద పేరు అడ్డదిడ్డంగా రాస్తే ఒంటికాలి మీద లేస్తాను. సగం నింపి పంపితే తిప్పికొడతాను. దోమక్క గొట్టం ఒక్కటి కూడా తిప్పికొట్టాల్సిన పని పడలేదు. ఆ ముక్క ఆమె రిటైరయ్యే దాకా ఆమెతో అనలేదు, అది వేరే సంగతి.

ఆమె ఈ ఆస్పత్రికి వచ్చింది నేల తుడవడానికి. అప్పటికి ఇరవై ఆరేళ్ళు, చంకలో కూతురు. మొగుడు ఇంకోచోట ఇంకో సంసారం పెట్టుకుని ఇటు రావడం మానేశాడు. పిల్లల వార్డులో రక్తం తీసేటప్పుడు పిల్ల కదలకుండా చెయ్యి పట్టుకోమని ఆమెను పిలిచేవాళ్ళట. పట్టుకున్నది పట్టుకున్నట్టు ఊరుకుంటేగా! బొటనవేలితో తడిమి, "సార్, అక్కడ కాదు, ఇక్కడుంది" అనేది. అప్పటి పెద్ద టెక్నీషియన్ రెండుసార్లు కసిరాడు. మూడోసారి తను మూడుచోట్ల గుచ్చినా దొరక్క, ఇక గత్యంతరం లేక ఆమె చూపించినచోట గుచ్చాడు. గొట్టం నిండింది. ఆయన నాలాంటివాడు కాదు, మంచివాడు. ఈమెను శిక్షణకు పంపమని పైవాళ్ళ ప్రాణాలు తోడేశాడు. ముందు పదో తరగతి కట్టి, తర్వాత శిక్షణ పూర్తిచేసి, ముప్పై నాలుగో ఏట దోమక్క సొంతంగా సూది పట్టింది.

నరాన్ని కళ్ళతో వెతికేవాళ్ళకు చేతిమీద నీలంగా కనిపించేదే కనిపిస్తుంది. అది పైపైన ఉంటుంది, సన్నగా ఉంటుంది, సూది తగలగానే పక్కకు జారుకుంటుంది. దోమక్క అసలు చేతికేసి చూసేది కాదు. కిటికీలోకి చూస్తూ, మీ పిల్లలెంతమంది అని అడుగుతూ వేలితో తడిమేది. నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిలకు ఆమె చెప్పే పాఠం నాకు కంఠతా వచ్చు.

"వేలికింద టకటకా కొట్టుకుంటోందా, దాని జోలికి పోకు. అది గుండె దగ్గర్నుంచి తోసుకొచ్చే నరం, గోడ మందంగా ఉంటుంది, చిల్లు పెడితే చిమ్ముతుంది. తాడులా గట్టిగా తగిలిందా, అది కండను ఎముకకు కట్టిన నరం, దాన్ని ఎంత పొడిచినా చుక్క రాదు. నొక్కితే అణిగి, వదిలితే మెత్తగా పైకి లేచిందా, అదీ మనది. రక్తం తీరిగ్గా ఇంటికెళ్ళే దారి. అక్కడక్కడ చిన్న గింజలా తగులుతుంది చూడు, అక్కడ లోపల తలుపులుంటాయి, పైకెళ్ళే రక్తం కిందికి జారకుండా. తలుపు మీద పొడవకు, పక్కన పొడువు."

"అన్నిటికీ నరమేనా అక్కా? ధమని, సిర, స్నాయుబంధనం అని మూడు పేర్లు ఏడ్చాయిగా!" అని విసుక్కునేవాణ్ణి.

"పేర్లు నీ కాగితం మీద ఉండనీ తమ్ముడూ. నా వేలికి మూడూ వేరేగానే తెలుస్తున్నాయి."

సూది తీశాక దూది పెట్టి, "చెయ్యి మడుచుకోండి" అని చెప్పి పక్క మంచానికి వెళ్ళిపోవడం లోకమంతా చేసే పని. ఆమె వెళ్ళేది కాదు. తన బొటనవేలితోనే నొక్కి పట్టుకుని లోపల్లోపల అంకెలు లెక్కపెట్టేది. నలభైకి ఒకసారి ఎత్తి చూసేది, ఆగకపోతే వంద, ఇంకా ఆగకపోతే రెండొందలు. ఒక్కో మనిషి దగ్గర ఎంత సమయం తగలేస్తోందో నేనొకసారి కాగితం మీద వేసి మరీ చూపించాను. చూసి, కాగితం మడిచి, ట్రే కింద వేసుకుంది. కొత్తలో ఒక ముసలావిడకు రక్తం తీసి, దూది పెట్టి, తనూ లోకంలాగే వెళ్ళిపోయిందట. ఆవిడ రక్తం పల్చబడే మందు వాడుతున్న మనిషి. సాయంత్రానికి మోచెయ్యి నల్లగా ఉబ్బింది, వారం రోజులు ముద్ద నోటికి ఎత్తుకోలేకపోయింది. "ఆవిడ నన్ను తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని తమ్ముడూ. ఒక్క మాట అనలేదు" అంది దోమక్క.

ఇక టీచరమ్మ సంగతి చెప్పాలి. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, నలభై నాలుగేళ్ళు, రెండు కిడ్నీలూ పోయి మూడేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చేది. అలా వచ్చేవాళ్ళకు ముంజేతిలో ధమనిని తెచ్చి సిరకు కలిపి కుడతారు. ధమని తోపుకు కొన్ని వారాల్లో సిర లావెక్కి, గోడ గట్టిపడి, లావు సూదులకు తట్టుకుంటుంది. టీచరమ్మకు ఎడమచేతిలో అలా కలిపింది మూసుకుపోయింది. కుడిచేతిలో కలిపారు. ఇప్పుడు అదీ మొరాయిస్తోంది. "మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి తేను?" అని ఆవిడే నవ్వేది. నవ్వులాటకేం గానీ, త్వరగా కిడ్నీ దొరక్కపోతే ఆవిడ బతకదని మా అందరికీ తెలుసు.

ఇవ్వగలిగినవాడు ఒక్కడే, తమ్ముడు. అద్దాలు కోసే పని, ముప్పై అయిదేళ్ళు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. బ్లడ్ గ్రూపు కలిసింది. మిగతా పరీక్షలకు ఒక సోమవారం వచ్చాడు. దోమక్క రక్తం తీసింది, నేను మిషన్‌లో పెట్టాను.

ప్లేట్‌లెట్లు యాభై రెండు వేలు. మామూలు మనిషికి లక్షన్నరకు తగ్గకూడదు. మళ్ళీ పెట్టాను, నలభై ఒకటి. మూడోసారి, ముప్పై నాలుగు. ప్లేట్‌లెట్టంటే పూర్తి కణం కూడా కాదు, ఎముక మజ్జలో ఒక పెద్ద కణం నుంచి తెగిపడ్డ ముక్క. పట్టుమని పదిరోజులు బతకదు. కానీ రక్తనాళానికి చిల్లు పడగానే మొదట పరిగెత్తుకొచ్చి ఒకదాన్నొకటి పట్టుకుని అడ్డం పడుకునేది అదే. అవి లేని మనిషిని కత్తి కింద పడుకోబెడితే రక్తం ఆగదు. స్లైడు కూడా చూశాను. పల్చగానే ఉన్నాయి. సంతకం పెట్టి పంపించేశాను.

కిడ్నీ డాక్టరుగారు తమ్ముణ్ణి పిలిచి, ఈ రక్తంతో కిడ్నీ ఇవ్వడం కుదరదు, ముందు నువ్వే రక్తం డాక్టరుకు చూపించుకోవాలి అని చెప్పారు. టీచరమ్మ ఎప్పట్లాగే నవ్వింది. "పోనీలెండి, నేను ముందునుంచీ వద్దనే అంటున్నా. వాడికి చిన్నపిల్లలు" అంది.

మర్నాడు దోమక్క ల్యాబులోకి వచ్చింది. "తమ్ముడూ, ఆ అద్దాలాయన రిపోర్టు తప్పు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మూడుసార్లు చేశా."

"నలభైకి ఆగిపోయింది, నా వేలికింద! రబ్బరు పట్టీ కట్టినచోట ఒక్క ఎర్రచుక్క పడలేదు. ముప్పై నాలుగు వేలున్నోళ్ళ చేతులు జ్వరాల వార్డులో ఎన్ని పట్టుకోలేదు నేను? దద్దుర్లు పోసినట్టు ఉంటాయి."

"అయితే మిషన్ అమ్మేసి నీ బొటనవేలు పెట్టుకుందామా ఇక్కడ?"

"మిషన్ ఆయన చెయ్యి పట్టుకోలేదుగా."

"స్లైడు చూశానక్కా! సంతకం పెట్టా! ఇక నన్ను పని చేసుకోనీ."

వెళ్ళింది. మధ్యాహ్నం వచ్చింది. మర్నాడు పొద్దున వచ్చింది. చెవిలో పాటలు పాడనన్న మనిషి రెండురోజులు నా చెవిలో జోరీగలా తిరిగింది. నేను ఇంకా బిగుసుకున్నాను. నిజం చెప్పాలంటే, సంతకం పెట్టిన కాగితం తప్పని ఒప్పుకోవడం నా వంట్లో లేదు. గురువారం పొద్దున స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. "ఎక్కడ తక్కువున్నాయో నాకు చూపించు. చూసి పోతా. మళ్ళీ అడిగితే చెప్పుతో కొట్టు."

నోరు మూయించడానికే స్లైడు తీశాను. రక్తపు చుక్కను గాజుపలక మీద సాగదీస్తే ఒకవైపు చిక్కగా, చివరికొచ్చేసరికి తోకలా పల్చగా పరుచుకుంటుంది. మధ్యలో కణాలు పక్కపక్కనే విడివిడిగా కనిపించేచోటు ఒకటుంటుంది. ఎవరైనా చూసేది అక్కడే. నా కన్ను అలవాటుగా అక్కడికే పోతుంది, సోమవారమూ అక్కడికే పోయింది. దాన్ని కటకం కిందికి తెచ్చి, "చూడు" అని లేచాను.

ఆమెకు మైక్రోస్కోపు కొత్త. ఏ మర తిప్పాలో తెలీక ఏదో తిప్పింది. పలక జరుగుతూ జరుగుతూ తోక చివరికి పోయింది. "అటు కాదక్కా!" అని అరిచాను.

"ఇవేంటి తమ్ముడూ? చీమలు ముద్దగా పట్టినట్టున్నాయి?"

ఆమెను పక్కకు నెట్టినంత పనిచేసి చూశాను. ప్లేట్‌లెట్లు! పదులు పదులుగా ఒకదాన్నొకటి కరుచుకుని గుట్టలుగా ఉన్నాయి. పలక లాగినప్పుడు బరువైన ముద్దలన్నీ చివరికి కొట్టుకుపోయాయి, నేను చూసిన మధ్యభాగంలో మిగిలినవి నాలుగే.

రక్తం గొట్టంలో గడ్డకట్టకుండా అందులో ముందే ఒక మందు వేసి ఉంటుంది. నూటికి కాదు, వేలల్లో ఒకరిద్దరికి ఆ మందే పడక, గొట్టంలో ప్లేట్‌లెట్లు ముద్దకడతాయి. ఒంట్లో అవి బంగారంలా ఉంటాయి. మిషన్‌కు ముద్ద ముద్దగా తెలీదు, లెక్కలోంచి వదిలేస్తుంది. గొట్టంలో ఎంతసేపు ఉంటే అంత ముద్దకడతాయి, అందుకే ప్రతిసారీ అంకె పడిపోయింది. అంకె అలా దిగిపోతుంటేనే అనుమానం రావాలి. మొదటి సంవత్సరం పాఠం అది. నేను మూడుసార్లు చేశానని గొప్పలు చెప్పుకున్నాను.

"తిట్టక్కా" అన్నాను. సిగ్గుతో తల కొట్టేసినట్టుంది.

"తర్వాత తీరిగ్గా తిడతా. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

వేరే మందు ఉన్న గొట్టంలో, నీలం మూతది, రక్తం మళ్ళీ తీయాలి. వెంటనే పరీక్షించాలి. టీచరమ్మ తమ్ముడికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. దోమక్క ట్రేలోంచి సరంజామా సంచిలో వేసుకుంది. బస్సెక్కి రెండు స్టాపుల అవతల ఆయన కొట్టుకు వెళ్ళాం.

గోడలకు ఆనించిన అద్దాల్లో మేమిద్దరం లోపలికి అడుగుపెట్టకముందే పదిమందిమై కనిపించాం. ఆయన బల్లమీద అద్దం పరిచి, కొలబద్ద ఆనించి గీత గీస్తున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఆగిపోయింది. వేళ్ళనిండా పాత గాట్లు, కొత్త గాట్లు, అన్నీ శుభ్రంగా మానినవే. రక్తం ఆగని మనిషి ఈ పని ఎలా చేస్తాడని సోమవారం నాకు తట్టలేదు, నేను ఆయన చేతులు చూస్తేగా!

జరిగిన తప్పు చెప్పాను. నీళ్ళు నమలకుండానే చెప్పాను, నాది అని. ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను.

"అంటే... నేను పనికొస్తానా?" అన్నాడు.

"పరీక్ష చేస్తేగానీ తెలీదు. వస్తారనే అనుకుంటున్నా."

ఆయన పీట మీద కూలబడ్డాడు. తర్వాత దోమక్కకేసి చూసి అన్నాడు. "సోమవారం నేను హాయిగా నిద్రపోయానమ్మా. మూడు నెలల తర్వాత అంత నిద్ర. మా అక్క చచ్చిపోతుందని తెలుసు. తెలిసి కూడా నిద్రపోయా. నన్ను పెంచింది అదే. నేనెలాంటి వెధవనో చూడండి."

దోమక్క ఆయన ఎదురుగా ఒక డబ్బా బోర్లించుకుని కూర్చుంది. "భయపడినందుకు నిన్నెవరూ ఉరి తియ్యరు నాయనా. ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందర్నీ పొడుస్తున్నా, నాకెవరైనా సూది వేస్తే ఇప్పటికీ మొహం అటు తిప్పుకుంటా."

"ఆపరేషన్ తర్వాత నొప్పి ఉంటుందా?"

"ఉంటుంది."

"చాలా?"

"కొన్నాళ్ళు చాలానే. అబద్ధమెందుకు? చెయ్యి నీది. తీయమంటే తీస్తా, పొమ్మంటే ఈ బస్సుకే పోతా. మీ అక్కకు నేను చెప్పను."

బయట ఎవరో వచ్చి ఫ్రేమ్ తయారైందా అని అడిగి వెళ్ళారు. ఆయన లేచి చేతులు కడుక్కొచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఎంతుందో అయినా తెలియనీ" అన్నాడు. దోమక్క రక్తం తీసింది. నేను గొట్టం పట్టుకుని ఆటోలో పరిగెత్తాను.

రెండు లక్షల పద్దెనిమిది వేలు.

మర్నాడు డాక్టరుగారు ఆయన్ను పిలిపించారు. తప్పు చేసినవాణ్ణి కాబట్టి నన్నూ రమ్మన్నారు. ముందు నాకు పెట్టాల్సిన చివాట్లు పెట్టారు, ఒక్కటి తక్కువ చెయ్యలేదు. తర్వాత ఆయనతో మెల్లగా అన్నారు. "దానం చేసేవాళ్ళందరికీ చెప్పే మాటే మీకూ చెబుతున్నా. ఇష్టం లేకపోతే ఇవ్వక్కర్లేదు. కారణం నాతోనే ఉంటుంది. మీ అక్కకు, ఇంట్లోవాళ్ళకు 'వైద్యపరంగా కుదరదు' అని ఒక్క మాటే చెబుతా. ఇంతకుముందు విన్నదే వాళ్ళు మళ్ళీ వింటారు."

ఆయనకు తలుపు బార్లా తీసినట్టయింది. వెళ్ళిపోయినా ఈ గదిలో ఎవరూ తప్పుపట్టరు. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. "మా అక్క ఎక్కడుంది?" అని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే లేచాడు. సరిచేసిన రిపోర్టు నా చేతికిచ్చి డాక్టరుగారు వెనకే వెళ్ళమన్నారు.

టీచరమ్మకు అప్పుడే డయాలసిస్ అయింది. లావు సూదులు తీశాక చాలాసేపు నొక్కి పట్టాలి, ఆ పని దోమక్క చేస్తోంది. దుప్పటి మీద పిల్లల లెక్కల పుస్తకాలు ఉన్నాయి, సగం దిద్దినవి.

"ఏరా, కొట్టు మూసి వచ్చావా ఈ వేళప్పుడు?" అంది టీచరమ్మ.

ఆయన మంచం కాళ్ళవైపే ఆగిపోయాడు. "అక్కా, ఆ రిపోర్టు తప్పంట. నా రక్తం బాగానే ఉంది. నేను ఇవ్వచ్చంట." మంచం కమ్మీ పట్టుకున్నాడు. "కుదరదన్నప్పుడు నేను... సంతోషపడ్డాను. నిన్నమొన్నటి దాకా సంతోషంగానే ఉన్నా. నీకు చెప్పకుండా ఉండలేక వచ్చా."

"తెలుసురా."

"ఎలా?"

"ఆ రోజు నీ మొహం చూశాగా. నేను పెంచిన మొహమేగా అది."

"మరి ఒక్క మాట అనలేదేం?"

"ఏమనను? భయపడకు అని చెప్పే హక్కు నాకెక్కడిది?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఇప్పుడైనా నేను వద్దంటే కుదరదనే చెబుతారంట. నాకు తేల్చుకోవడం చేతకావట్లేదు. నువ్వే చెప్పక్కా. నువ్వు ఎప్పుడూ అంటావుగా వద్దని. ఆ మాట ఇంకోసారి అంటే చాలు, వెళ్ళిపోతా."

ఆ మాట ఆవిడ నోట వందసార్లు విన్నవాళ్ళమే మేమందరం. నవ్వుతూ అనేస్తుందనే చూస్తున్నాం. ఆవిడ నవ్వలేదు. దిద్దుతున్న పుస్తకం మూసింది.

"మూడేళ్ళుగా అందరికీ అబద్ధం చెప్పానురా" అంది. "ఇంక అనలేను. నాకు బతకాలనుంది. ఇవ్వరా."

"ఇస్తానక్కా" అన్నాడు ఆయన. అప్పుడుగానీ ఏడుపు బయటికి రాలేదు. చిన్నపిల్లాడిలా, గట్టిగా, పక్క మంచాలవాళ్ళు తలలెత్తి చూసేలా ఏడ్చాడు.

దోమక్క చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నామీద విరుచుకుపడింది. "ఆ కాగితం పట్టుకుని బొమ్మలా నిలబడతావేం తమ్ముడూ! ఆ కుర్చీ ఇటు లాగు. ఆయన పడిపోయేలా ఉన్నాడు."

లాగాను.